కరగదంటారు గానీ కరుగుతుంది: మిల్లీవోల్టులతో ద్రావణీయతను కొలవడం

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో నాలుగు చుక్కల ఉప్పునీళ్లు వేస్తే తెల్లటి అవక్షేపం దిగుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. పాఠ్యపుస్తకాలు దాన్ని ‘నీటిలో కరగదు’ అని ఒక్క మాటతో తేల్చేస్తాయి. నిజానికి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు శుద్ధమైన నీటిలో అది సుమారు 1.9 మిల్లీగ్రాములు కరుగుతుంది. మోలార్ లెక్కలో చెప్పాలంటే లీటరుకు 1.3 × 10⁻⁵ మోల్. ఇంత చిన్న అంకె ఎలా తెలిసింది? లీటరు సంతృప్త ద్రావణాన్ని వడగట్టి, ఆవిరి చేసి, మిగిలిన పొడిని తూచి తెలుసుకోవాలంటే కుదరదు. రెండు మిల్లీగ్రాములు కూడా లేని పదార్థం గాజు పాత్ర గోడలకే అంటుకుపోతుంది. నీళ్లలో ముందే ఉన్న మలినాల బరువు దానికంటే ఎక్కువుంటుంది.

ఇక్కడే విద్యుత్ రసాయన శాస్త్రం పనికొస్తుంది. ద్రావణంలో ముంచిన వెండి తీగ అక్కడి వెండి అయాన్లకు లాగరిథమ్ లెక్కన స్పందిస్తుంది. 25 డిగ్రీల దగ్గర అయాన్ల క్రియాశీలత (అంటే వాటి ప్రభావం కనిపించే మేరకు లెక్కలోకి వచ్చే గాఢత) పదింతలు తగ్గిన ప్రతిసారీ పొటెన్షియల్ 59.16 మిల్లీవోల్టులు పడిపోతుంది. కోటి రెట్ల తేడా ఉన్నా అది అర వోల్టు దాటదు. ఆ మాత్రం వోల్టేజీని మామూలు మీటరు కూడా చూపిస్తుంది. 1889లో వాల్తర్ నెర్న్‌స్ట్ ఇచ్చిన సమీకరణం చెప్పేది ఇదే.

అయితే ఎలక్ట్రోడ్ కొలిచేది ద్రావణీయత కాదు. ద్రావణంలో దేనితోనూ జతకట్టకుండా స్వేచ్ఛగా తిరిగే అయాన్ క్రియాశీలతను మాత్రమే అది కొలుస్తుంది. అక్కడి నుంచి ‘ఎంత కరిగింది’ అన్న ప్రశ్నకు జవాబు చేరాలంటే మధ్యలో రెండు మెట్లు ఎక్కాలి. ప్రయోగశాల రికార్డుల్లో కనిపించే తప్పుల్లో చాలా భాగం ఆ రెండు మెట్లనూ ఒక్క గెంతులో దాటబోయి చేసినవే.

మూడు వేర్వేరు సంఖ్యలు

ద్రావణీయత అంటే సంతృప్త ద్రావణంలో కరిగి ఉన్న మొత్తం పదార్థం, అది ఏ రూపంలో ఉన్నా సరే. ద్రావణీయతా లబ్ధం, అంటే విద్యార్థుల నోట్లో నానే కేఎస్‌పీ, ఘనపదార్థంతో సమతాస్థితిలో ఉన్న స్వేచ్ఛా అయాన్ల క్రియాశీలతల లబ్ధం. సిల్వర్ క్లోరైడ్‌కు ఇది 1.8 × 10⁻¹⁰. మూడోది స్వేచ్ఛా వెండి అయాన్ గాఢత. ఇది ద్రావణంలో ఇంకా ఏమేం ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది. శుద్ధమైన నీటిలో సిల్వర్ క్లోరైడ్ ఒక్కటే ఉన్నప్పుడు ఈ మూడింటికీ సూటి సంబంధం ఉంటుంది: కేఎస్‌పీ వర్గమూలమే ద్రావణీయత. మూడూ ఒకటేనన్న భ్రమ పుట్టేది ఈ ఒక్క సందర్భం వల్లే.

సిల్వర్ క్రోమేట్‌ను చూడండి. దాని కేఎస్‌పీ సుమారు 1.1 × 10⁻¹². సిల్వర్ క్లోరైడ్ కంటే వంద రెట్లకు పైగా చిన్నది కాబట్టి తక్కువ కరుగుతుందనుకుంటాం. కానీ ఒక్కో అణువు నుంచి రెండు వెండి అయాన్లు, ఒక క్రోమేట్ అయాన్ వస్తాయి. అందువల్ల కేఎస్‌పీని నాలుగుతో భాగించి ఘనమూలం తీయాలి. జవాబు లీటరుకు 6.5 × 10⁻⁵ మోల్, అంటే సిల్వర్ క్లోరైడ్ కంటే ఐదింతలు ఎక్కువ. క్రోమేట్‌ను సూచికగా వాడే క్లోరైడ్ అంశమాపనంలో ముందు తెల్లటి అవక్షేపం, అది పూర్తయ్యాకే ఇటుక రంగు రావడానికి కారణం ఇదే. అయాన్ల నిష్పత్తి ఒకటే అయిన లవణాలను మాత్రమే కేఎస్‌పీ అంకె చూసి పోల్చాలి.

పట్టికలోంచే తీయగలిగే జవాబు

ఏ ప్రయోగమూ చేయకుండా ప్రమాణ పొటెన్షియళ్ల పట్టికలోంచే కేఎస్‌పీ తీయొచ్చు. వెండి అయాన్ నుంచి వెండి లోహం ఏర్పడే అర్ధచర్యకు ప్రమాణ పొటెన్షియల్ 0.7996 వోల్టులు. సిల్వర్ క్లోరైడ్ నుంచి వెండి లోహం, క్లోరైడ్ అయాన్ ఏర్పడే అర్ధచర్యకు 0.2223 వోల్టులు. రెండో దాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేది సిల్వర్ క్లోరైడ్ కరిగి అయాన్లుగా విడిపోయే చర్య ఒక్కటే. లోహం రద్దయిపోతుంది, ఎలక్ట్రాన్లు రద్దయిపోతాయి. పొటెన్షియళ్ల తేడా 0.5773 వోల్టులు. దాన్ని 0.05916తో భాగిస్తే 9.76. అంటే కేఎస్‌పీ 10⁻⁹·⁷⁶, లేదా 1.75 × 10⁻¹⁰.

ఇదే లెక్క సిల్వర్ బ్రోమైడ్‌కు (0.0713 వోల్టులు) చేస్తే 4.9 × 10⁻¹³, సిల్వర్ అయొడైడ్‌కు (మైనస్ 0.1522 వోల్టులు) చేస్తే 8.1 × 10⁻¹⁷ వస్తాయి. అయొడైడ్ సంగతి ఆలోచించండి. దాని సంతృప్త ద్రావణంలో లీటరుకు 10⁻⁸ మోల్ కూడా ఉండదు. దాన్ని తూకంతో పట్టుకోవడం ఊహకే అందదు. ఓల్టు మీటరుకు మాత్రం అది క్లోరైడ్ కంటే కష్టమైన పనేమీ కాదు.

ఘటాన్ని కట్టడం

ఇప్పుడు ప్రయోగం. కావలసింది ఒక గాఢతా ఘటం. ఒక బీకరులో తెలిసిన గాఢత గల సిల్వర్ నైట్రేట్, రెండో బీకరులో సిల్వర్ క్లోరైడ్‌తో సంతృప్తమైన పొటాషియం క్లోరైడ్, రెండింట్లో ఒక్కో వెండి తీగ, మధ్యలో ద్రావణాలు కలవకుండా వలయాన్ని పూర్తిచేసే సాల్ట్ బ్రిడ్జి.

100 మిల్లీలీటర్ల 0.01 మోలార్ సిల్వర్ నైట్రేట్‌కు 0.170 గ్రాములు, అంతే పరిమాణం 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్‌కు 0.0746 గ్రాములు కావాలి. 0.0746 గ్రాములు తూచడంలో వచ్చే తప్పు తగ్గాలంటే ముందు 0.1 మోలార్ ద్రావణం చేసి పదింతలు పలచన చేయడం మేలు. రెండింటికీ స్వేదనజలమే వాడాలి. కుళాయి నీళ్లలోని క్లోరైడ్ సిల్వర్ నైట్రేట్‌ను సీసాలోనే తెల్లగా మార్చేస్తుంది.

పొటాషియం క్లోరైడ్ 50 మిల్లీలీటర్లు తీసుకుని అందులో సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసి కలపాలి. లేత పాలరంగు మసక వస్తే చాలు, ద్రావణం సంతృప్తమైనట్టే. రెండు చుక్కలంటే సుమారు 0.1 మిల్లీలీటరు. అది మింగే క్లోరైడ్ మొత్తంలో 0.2 శాతమే కాబట్టి గాఢత మారలేదనే అనుకోవచ్చు. ఎక్కువ అవక్షేపం ఉంటే ఎక్కువ సంతృప్తమని చెంచాడు సిల్వర్ నైట్రేట్ పోసేవాళ్లుంటారు. అలా చేస్తే క్లోరైడ్ గాఢత పడిపోయి లెక్క మొత్తం జారిపోతుంది.

తీగలు 99.9 శాతం వెండివి, ఒక మిల్లీమీటరు మందంవి అయితే బాగుంటాయి. నగల దుకాణపు వెండిలో రాగి కలుస్తుంది కాబట్టి అది పనికిరాదు. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, సగానికి సగం నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచి, స్వేదనజలంతో బాగా కడగాలి. ప్రయోగానికి ముందు రెండు తీగలనూ ఒకే సిల్వర్ నైట్రేట్ బీకరులో ముంచి మీటరు చూడాలి. సున్నా రావాలి. ఒక మిల్లీవోల్టు లోపు ఉంటే పర్వాలేదు. అంతకంటే ఎక్కువ చూపిస్తే తీగలను మళ్లీ శుభ్రం చేయాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అయినా ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు.

బ్రిడ్జికి పొటాషియం క్లోరైడ్ వాడకూడదు. అది సిల్వర్ నైట్రేట్ వైపు కారి, బ్రిడ్జి మూతి దగ్గరే సిల్వర్ క్లోరైడ్ గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఇక్కడ పొటాషియం నైట్రేట్ సరైనది. పొటాషియం, నైట్రేట్ అయాన్లు దాదాపు ఒకే వేగంతో కదులుతాయి కాబట్టి ద్రావణాలు కలిసే చోట పుట్టే అదనపు పొటెన్షియల్ కూడా చిన్నదిగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల అగర్ వేసి మరిగేదాకా వేడి చేసి, 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి, వేడిగా ఉండగానే యు ఆకారపు గొట్టంలోకి పీల్చాలి. లోపల గాలిబుడగ చిక్కితే వలయం తెగిపోయినట్టే, మీటరు అంకెలు నిలకడ లేకుండా తిరుగుతుంటాయి. అసలు మాటకొస్తే, అంకెలు తిరుగుతున్నప్పుడు చాలామంది ముందు మీటరును అనుమానిస్తారు. ముందు చూడాల్సింది గొట్టాన్ని.

మీటరుకు 10 మెగాఓముల అంతర్నిరోధం ఉంటే సరిపోతుంది, ఈ రోజుల్లో చాలా డిజిటల్ మల్టీమీటర్లకు అది ఉంటుంది. 335 మిల్లీవోల్టుల దగ్గర అది లాగే విద్యుత్తు 34 నానోఆంపియర్లు. బ్రిడ్జి నిరోధం 5 కిలోఓములున్నా తప్పు 0.2 మిల్లీవోల్టు లోపే. పాత ముల్లు మీటర్లు మాత్రం వద్దు. అవి లాగే విద్యుత్తుకు ఘటం పొటెన్షియలే కుంగిపోతుంది.

సిల్వర్ నైట్రేట్ వైపు తీగ ధనధ్రువం. పదీ పదిహేను నిమిషాలు ఆగి, అంకె నిలబడ్డాక రాసుకోవాలి. క్లోరైడ్ బీకరుకు నల్లకాగితం చుట్టడం మంచిది. వెలుతురు తగిలితే సిల్వర్ క్లోరైడ్ విడిపోయి ఊదారంగుకు తిరుగుతుంది.

లెక్క, అందులో దాగిన మొదటి మెట్టు

25 డిగ్రీల దగ్గర ఈ ఘటం సుమారు 335 మిల్లీవోల్టులు చూపించాలి. దాన్ని 59.16తో భాగిస్తే 5.66. అంటే సిల్వర్ నైట్రేట్ వైపు వెండి అయాన్ క్రియాశీలత రెండో వైపు కంటే 4.6 లక్షల రెట్లు ఎక్కువ. నైట్రేట్ వైపు 0.01 అని, క్లోరైడ్ కూడా 0.01 అని తీసుకుంటే కేఎస్‌పీ 2.2 × 10⁻¹⁰ వస్తుంది. పుస్తకంలో 1.8 ఉంది. ఇరవై శాతానికి పైగా తేడా! ఇక్కడ ప్రయోగం తప్పు కాదు, లెక్క తప్పు.

0.01 మోలార్ ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి కాబట్టి వాటి ప్రభావం వాటి సంఖ్య కంటే కాస్త తక్కువగా కనిపిస్తుంది. డిబై–హ్యూకెల్ సిద్ధాంతం ఆధారంగా డేవిస్ ఇచ్చిన సూత్రంతో చూస్తే ఈ గాఢత దగ్గర ఒక ఆవేశమున్న అయాన్‌కు క్రియాశీలతా గుణకం 0.90. కాబట్టి రెండు వైపులా 0.01కి బదులు 0.0090 వేయాలి. రెండూ గుణించుకుంటాయి గనుక 0.81 కారకం వచ్చి, 2.2 కాస్తా 1.77 అవుతుంది. గుణకాన్ని ఒక్కసారే పెట్టి రెండోసారి మరిచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

0.1 మోలార్ ద్రావణాలు వాడితే గుణకం 0.78కి పడిపోతుంది, సూత్రం మీద నమ్మకమూ తగ్గుతుంది. 0.001 మోలార్ వాడితే గుణకం ఒకటికి దగ్గరవుతుంది గానీ నీళ్లలోని మలినాల వాటా పెరుగుతుంది. 0.01 ఒక రాజీ.

మిల్లీవోల్టు ఖరీదు కూడా తెలుసుకోవాలి. ఒక మిల్లీవోల్టు తప్పు అంటే కేఎస్‌పీలో 4 శాతం తప్పు. ఐదు మిల్లీవోల్టులు తప్పితే 21 శాతం. బ్రిడ్జి దగ్గర ఒకటి రెండు మిల్లీవోల్టులు ఎటూ తప్పవు. కాబట్టి ఈ పద్ధతితో 1.8 × 10⁻¹⁰ అని రెండు అంకెలు రాయడం న్యాయం. క్యాలిక్యులేటర్ ఇచ్చింది కదా అని 1.7734 అని రాస్తే ఆ చివరి మూడు అంకెలకూ అర్థం లేదు.

మే నెల ప్రయోగశాల

పుస్తకంలో విలువలన్నీ 25 డిగ్రీలవి. వేసవిలో రాజమండ్రిలోనో ఖమ్మంలోనో ఏసీ లేని ప్రయోగశాలలో బీకరు ఉష్ణోగ్రత 35 డిగ్రీలుంటుంది. అప్పుడు రెండు సంగతులు ఒకేసారి మారతాయి. నెర్న్‌స్ట్ వాలు (పదింతల తేడాకు వచ్చే పొటెన్షియల్) 59.16 నుంచి 61.14 మిల్లీవోల్టులకు పెరుగుతుంది. దాంతోపాటు సిల్వర్ క్లోరైడే ఎక్కువ కరుగుతుంది. అది కరగడం ఉష్ణగ్రాహక చర్య, మోల్‌కు 65.5 కిలోజౌళ్లు తీసుకుంటుంది. ఆ లెక్కన పది డిగ్రీలకు కేఎస్‌పీ దాదాపు 2.4 రెట్లు పెరిగి 4.2 × 10⁻¹⁰ చేరుతుంది. మీటరు 335కి బదులు 323 దగ్గర ఆగుతుంది.

ఆ 323ని అలవాటుగా 59.16తో భాగించేస్తే 2.8 × 10⁻¹⁰ వస్తుంది. ఇది 25 డిగ్రీల విలువా కాదు, 35 డిగ్రీల విలువా కాదు, ఏ ఉష్ణోగ్రతకూ చెందని అంకె. పుస్తకంతో సరిపోలడానికి అంకెలు సర్దే దుర్బుద్ధి పుట్టేది కూడా ఇక్కడే. థర్మామీటరు బీకరులో పెట్టి, ఉన్న ఉష్ణోగ్రత రాసి, దానికి తగిన వాలు వాడి, 4.2 అని రాస్తే అదే మంచి రికార్డు. నిజానికి 20, 25, 30, 35 డిగ్రీల దగ్గర కొలిచి, కేఎస్‌పీ లాగరిథమ్‌ను పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే ఆ వాలులోంచి కరగడానికి కావలసిన ఉష్ణం కూడా వస్తుంది. ఎండాకాలాన్ని ఆ రకంగా ప్రయోగానికి వాడుకోవచ్చు.

రెండో మెట్టు: జతకట్టిన అయాన్లు

ఉమ్మడి అయాన్ ప్రభావం ప్రకారం 0.01 మోలార్ క్లోరైడ్‌లో వెండి అయాన్ 1.8 × 10⁻⁸కి పడిపోవాలి. పడిపోతుంది కూడా, ఎలక్ట్రోడ్ దాన్నే చూపిస్తుంది. అయితే సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయత కూడా అంతేనా?

కాదు. కరిగిన వెండిలో కొంత ఆవేశం లేని సిల్వర్ క్లోరైడ్ అణువులుగా, కొంత రెండు క్లోరైడ్లను పట్టుకున్న డైక్లోరో సంక్లిష్ట అయాన్‌గా ఉంటుంది. వాటి స్థిరాంకాలతో లెక్కిస్తే 0.01 మోలార్ క్లోరైడ్‌లో ఈ రెండూ చెరో 3 × 10⁻⁷ మోలార్ పైచిలుకు ఉంటాయి. అంటే మొత్తం కరిగిన వెండి 7 × 10⁻⁷ దాకా ఉంటుంది. ఎలక్ట్రోడ్ చూసినదానికి దాదాపు 40 రెట్లు! ఎలక్ట్రోడ్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్న వేరు, మనం రాసుకున్న జవాబు వేరు. కేఎస్‌పీ లెక్కకు స్వేచ్ఛా అయానే కావాలి కాబట్టి పై ప్రయోగానికి ఏ నష్టమూ లేదు. ‘ఎంత కరిగింది’ అని అడిగినప్పుడు మాత్రం సంక్లిష్ట అయాన్లను కలపాల్సిందే.

ఈ కారణంగానే క్లోరైడ్ పెంచుతూ పోతే సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయత ముందు తగ్గి, కొన్ని మిల్లీమోలార్ల దగ్గర అట్టడుగుకు చేరి, మళ్లీ పైకి లేస్తుంది. సంతృప్త పొటాషియం క్లోరైడ్‌లో అది శుద్ధమైన నీటిలో కంటే వందల రెట్లు ఎక్కువ కరుగుతుంది. పీహెచ్ మీటరు దగ్గర పనిచేసేవాళ్లకు దీని దెబ్బ తెలిసే ఉంటుంది: సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లో మామూలు సంతృప్త పొటాషియం క్లోరైడ్ పోస్తే కొన్నాళ్లకు తీగమీది ముదురు పూత కరిగిపోయి లోహం బయటపడుతుంది, రీడింగు జారిపోతుంది. అందుకే ఆ ద్రావణాన్ని ముందే సిల్వర్ క్లోరైడ్‌తో సంతృప్తం చేసి పోస్తారు. అలా పోసినంతసేపూ బాగుండి, ఆ ద్రావణం పలచబడ్డప్పుడు ఎలక్ట్రోడ్‌ను బయటి ద్రావణంతో కలిపే పింగాణీ రంధ్రంలో వెండి మళ్లీ అవక్షేపమై దారి మూసుకుపోవడం ఇదే కథకు రెండో భాగం.

అమ్మోనియాతో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పొటాషియం క్లోరైడ్ బీకరులోకి అమ్మోనియా చుక్కలు వేస్తే అవక్షేపం కొంత కరుగుతుంది, కరిగిన వెండి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ అడుగున కాస్త ఘనపదార్థం మిగిలి ఉన్నంతసేపూ, క్లోరైడ్ గాఢత పెద్దగా మారనంతసేపూ మీటరు దాదాపు కదలదు. ఘనపదార్థం పూర్తిగా కరిగిన క్షణం నుంచే ఆ బీకరులోని తీగ పొటెన్షియల్ పడిపోవడం, దాంతో మీటరు అంకె పెరగడం మొదలవుతుంది.

ఎలక్ట్రోడ్ దొరకని లవణాలు

బేరియం సల్ఫేట్ సంగతేమిటి? బేరియం తీగ నీటిలో నిలవదు, నేరుగా ఆ నీటితోనే చర్య జరుపుతుంది. ఇలాంటి లవణాలకు కోల్‌రాష్ చూపిన వాహకతా పద్ధతి ఉంది. అనంత విలీనం వద్ద (అంటే ద్రావణం మరీ పలచనైనప్పుడు) బేరియం, సల్ఫేట్ అయాన్ల మోలార్ వాహకతలు కలిపితే మోల్‌కు సుమారు 287 సీమెన్స్ చదరపు సెంటీమీటర్లు. సంతృప్త ద్రావణపు విశిష్ట వాహకతను దీంతో భాగిస్తే గాఢత వచ్చేస్తుంది. ఇంత పలచటి ద్రావణంలో అనంత విలీనపు విలువ వాడడం పెద్ద తప్పేమీ కాదు.

సూత్రం చిన్నది, చిక్కంతా నీటితో. బేరియం సల్ఫేట్ సంతృప్త ద్రావణానికి సెంటీమీటరుకు 3 మైక్రోసీమెన్స్, సిల్వర్ క్లోరైడ్‌కు 1.8 మాత్రమే వస్తుంది. అతి శుద్ధమైన నీటి వాహకత 0.055. అదే నీటిని గాలిలో కాసేపు ఉంచితే కార్బన్ డయాక్సైడ్ కరిగి ఒకటి దాకా పోతుంది. అంటే కొలిచేదాంట్లో బేరియం సల్ఫేట్‌కు నాలుగో వంతు, సిల్వర్ క్లోరైడ్‌కు మూడో వంతుకు పైగా మనకు అక్కర్లేనిది. నీటి వాహకతను విడిగా కొలిచి తీసివేయాలి. ఆ నీరు ద్రావణంతో పాటు అంతే సేపు, అలాంటి మూతపెట్టిన సీసాలోనే ఉండాలి. అవక్షేపాన్ని కడగడంలో కూడా ఓపిక కావాలి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము సోడియం క్లోరైడ్ మిగిలిపోయినా 0.2 మైక్రోసీమెన్స్ కలుస్తుంది, అంటే బేరియం సల్ఫేట్ విలువకు 7 శాతం. కడిగి, కొత్త నీళ్లు పోసి, వాహకత కొలిచి, మళ్లీ కడిగి, వరుసగా రెండు విలువలు ఒకటయ్యేదాకా ఆపకూడదు. ఘట స్థిరాంకం 0.1 ఉన్న సెల్ వాడి, 0.001 మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో (25 డిగ్రీల దగ్గర 147 మైక్రోసీమెన్స్) సరిచూసుకోవాలి. డిగ్రీకి రెండు శాతం చొప్పున వాహకత మారుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే నీటితొట్టె తప్పనిసరి.

నల్లగొండ నీళ్లలో కాల్షియం ఫ్లోరైడ్

తెలుగునేలకు ఈ లెక్కలతో బాగా దగ్గరి సంబంధం ఉంది. దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదిక 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఇచ్చింది. తర్వాత నల్లగొండ పేరు ఆ జబ్బుతో ముడిపడిపోయింది. బావినీటిలో ఫ్లోరైడ్ ఎంతవరకు పెరగగలదు అన్నదాన్ని చాలావరకు నిర్ణయించేది కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం, సుమారు 3.5 × 10⁻¹¹.

క్రియాశీలతలు పక్కనపెట్టి లెక్కేద్దాం. నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ 2.2 మిల్లీగ్రాములు దాటబోతే కాల్షియం ఫ్లోరైడ్‌గా దిగిపోవాలి. కాల్షియం 10 మిల్లీగ్రాములే ఉంటే ఆ పరిమితి 7 దాకా పెరుగుతుంది. అందుకే గ్రానైటు నేలల్లో సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువగా ఉన్న నీళ్లు ప్రమాదకరం. నోటికి మెత్తగా, సబ్బు బాగా నురగొచ్చే నీళ్లే ఎముకలకు చేటు చేయొచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5.

మరి సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దించేయొచ్చు కదా? శుద్ధమైన నీటిలో కాల్షియం ఫ్లోరైడ్ కరిగితేనే సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వస్తుంది. సున్నం ఎక్కువ వేసి కాల్షియం పెంచితే ఇంకా తగ్గుతుంది గానీ ఒకటికి దించాలంటే లీటరుకు 500 మిల్లీగ్రాములు పైబడ్డ కాల్షియం కావాలి. ఆ నీళ్లు ఎవరు తాగుతారు? నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక చేరింది అందుకే. అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టేది ప్రధానంగా అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టు. సున్నం పీహెచ్‌ను సరిచేస్తుంది.

ఫ్లోరైడ్ కొలవడానికి 1966లో ఫ్రాంట్, రాస్ పరిచయం చేసిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడ్ వాడతారు. 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 0.221 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే 100 మిల్లీగ్రాముల ప్రమాణం వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి. దీన్నుంచి 0.5, 1, 5, 10 ప్రమాణాలు చేసి గీత గీస్తే పదింతలకు 54 నుంచి 60 మిల్లీవోల్టుల వాలు రావాలి. రాకపోతే స్ఫటికాన్ని శుభ్రం చేయాలి.

ప్రమాణానికీ నమూనాకూ సమాన పరిమాణంలో టిసాబ్ అనే బఫరు కలుపుతారు. లీటరుకు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 57 మిల్లీలీటర్లు, ఉప్పు 58 గ్రాములు, లోహ అయాన్లను పట్టుకునే సీడీటీఏ 4 గ్రాములు వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 5.3 నుంచి 5.5కు తెస్తారు. పీహెచ్ అంతకంటే బాగా తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా దాక్కుంటుంది. బాగా పెరిగితే హైడ్రాక్సైడ్‌ను కూడా స్ఫటికం ఫ్లోరైడే అనుకుంటుంది. ఉప్పు అన్ని సీసాల్లోనూ అయానిక బలాన్ని ఒకటి చేస్తుంది, కాబట్టి క్రియాశీలతా గుణకాల బాధ తప్పుతుంది. సీడీటీఏ అల్యూమినియాన్ని లాక్కుని ఫ్లోరైడ్‌ను వదిలిపెట్టిస్తుంది.

ఆ చివరి గుణమే ద్రావణీయత కొలిచేటప్పుడు కొంపముంచుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ పొడిని ప్లాస్టిక్ సీసాలో నీటితో కనీసం ఒక రోజంతా కుదిపి, పొడి ఉండగానే టిసాబ్ పోస్తే సీడీటీఏ కాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. సమతాస్థితి చెడి పొడి మళ్లీ కరగడం మొదలవుతుంది, ఫ్లోరైడ్ రీడింగు పెరుగుతూనే పోతుంది. ముందు 0.2 మైక్రాన్ల వడపోత, మొదటి పది మిల్లీలీటర్లు పారబోయడం, ఆ తర్వాతే టిసాబ్. కేఎస్‌పీ ఇక్కడ ఫ్లోరైడ్ గాఢత ఘనంలో సగం కాబట్టి ఒక మిల్లీవోల్టు తప్పు 12 శాతమై కూర్చుంటుంది. అప్పటికప్పుడు అవక్షేపించిన పొడి అయితే రేణువులు మరీ సన్నగా ఉండి పుస్తకం కంటే ఎక్కువ విలువ చూపిస్తుంది.

పటికతో శుద్ధి చేసిన నీటి విషయంలో ఇదే ఎలక్ట్రోడ్ తలకిందులుగా మోసం చేస్తుంది. ఆ నీటిలో కాస్త అల్యూమినియం మిగిలి ఉంటే ఫ్లోరైడ్ దాంతో జతకట్టి ఉంటుంది. టిసాబ్ లేకుండా నేరుగా ఎలక్ట్రోడ్ ముంచితే అది స్వేచ్ఛా ఫ్లోరైడ్‌నే చూపించి, నీళ్లు ఉన్నదానికంటే శుభ్రంగా ఉన్నాయనిపిస్తుంది. తాగేవాళ్ల కడుపులోకి పోయేది మాత్రం మొత్తం ఫ్లోరైడ్. కాబట్టి తాగునీటి పరీక్షకు టిసాబ్ కలిపి, అల్యూమినియం పట్టు వదలడానికి కొంతసేపు ఆగి, రీడింగు నిలబడ్డాకే రాసుకోవాలి. బావినీళ్లు కాల్షియం ఫ్లోరైడ్‌తో సంతృప్తమయ్యాయా లేదా అని చూడాలంటే మాత్రం టిసాబ్ కలపని నమూనాలో, బావి దగ్గరి ఉష్ణోగ్రతలోనే, ఫ్లోరైడ్ క్రియాశీలతను కొలవాలి. ఒకే బావి నీటికి రెండు సీసాలు, రెండు అంకెలు. రిపోర్టులో ఏది ఏ పద్ధతిలో వచ్చిందో పక్కనే రాయాలి.